డ్రైవర్ నంబర్ ఏడు

తను హంతకురాలినన్న సంగతి హైమావతి మొట్టమొదట చదివింది వంటింట్లో, గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ. చదివి ఊరుకోలేదు. అందులో ఇంగ్లీషు తప్పులు కూడా దిద్దిపెట్టింది.

దిద్దడం ఆమెకి అలవాటే. భర్త భానోజీరావు విశాఖపట్నంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసరు. రోడ్డు మీద వెళ్ళే వాహనాలు తీగ లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఎలా అన్నది ఆయన శాస్త్రం. ఆయనకి మాత్రం కారు నడపడం రాదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "కళ్ళ డాక్టరు తన కంటికి తనే ఆపరేషన్ చేసుకుంటాడా?" అనేవాడు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, ఆ చదువుని బీరువాలో పట్టుచీరలతోపాటు మడతపెట్టిన హైమావతి, ఆయన వ్యాసాలు జర్నల్‌కి వెళ్ళేముందు వాటిలో 'ది'లూ 'యాన్'లూ పోపులో ఇంగువలా కావలసినచోట వేసేది. వ్యాసం చివర కృతజ్ఞతల్లో జనరేటరు అరువిచ్చిన సివిల్ డిపార్టుమెంటు పేరుండేది. ఒకసారి లిఫ్టు బాగుచేసినాయన పేరు కూడా ఉంది. ఆమె పేరుకి మాత్రం ఎప్పుడూ చోటు చాలేది కాదు.

ఈసారి వ్యాసం మామూలుది కాదు. వాహనాలూ వైర్‌లెస్సూ కలిసిన ఆ శాస్త్రానికి ప్రపంచంలో ఉన్న జర్నల్స్‌లో అదే తలమానికమట. అందులో ఒక్క వ్యాసం పడితే డీన్ కుర్చీ దానంతటదే నడుచుకుంటూ వచ్చి తన కింద చేరుతుందని భానోజీరావు నమ్మకం. వ్యాసం ఇప్పటికే తిరుగుటపాలో వచ్చి, మళ్ళీ వెళ్ళబోతోంది. దాన్ని పరీక్షించేవాళ్ళ పేర్లు ఎవరికీ చెప్పరు. వాళ్ళలో రెండోవాడు మాత్రం మహా పేచీకోరు. "డ్రైవరు పక్కన ఎవరు కూర్చున్నారన్నదాన్నిబట్టి డ్రైవరు ఉద్దేశం మారుతుందా, మారదా? తేల్చండి" అని అడిగాడు. దానికి జవాబే ఈ కొత్త పేరా.

"ఏవండీ, ఈ ఏడో నంబరు డ్రైవరు ఎవరండీ? పక్కన పి-త్రీ అనే ఆవిడ కూర్చున్నప్పుడే ఎడంపక్క ఆగి ఉన్న లారీలకేసి కారు తిప్పేద్దామనుకుని, మళ్ళీ మానుకుందట పాపం!"

భానోజీరావు కాఫీ గ్లాసులోకి చూశాడు. "అవన్నీ చెప్పకూడదు. గోప్యత."

"చెప్పొద్దులెండి. ఇక్కడ 'మర్డరస్‌లీ' అని రాశారు, అది కొట్టేస్తున్నాను. శాస్త్రానికి అంత ఆవేశం పనికిరాదు. ఉత్త 'ఇంటెండెడ్' చాలు."

"కొట్టెయ్," అన్నాడాయన. "థాంక్స్," అని కూడా అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన చెప్పిన థాంక్సులు లెక్కపెడితే చేతివేళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి గనక, హైమావతికి ఆ మాట గుర్తుండిపోయింది.

ఆయన కనిపెట్టిన వస్తువు పేరు 'ముందుచూపు'. చూడ్డానికి స్టీరింగుకి వేసే మామూలు నల్ల తొడుగు. మనిషి ఏదైనా చేద్దామని మనసులో అనుకునేలోపే అతని చేతి కండరాలు దానికి సర్దుకుంటాయట, అరచేతులు చెమరుస్తాయట. తొడుగు దాన్ని పసిగట్టి, 'ఈ కారు ఇటు తిరగబోతోంది' అని చుట్టుపక్కల ఉన్న కొత్తరకం బళ్ళన్నిటికీ వైర్‌లెస్‌లో చాటేస్తుంది. అవి తమంతట తాము సర్దుకుంటాయి. ఈలోగా మనిషి మనసు మార్చుకుంటే సరే సరి. చాటింపు మాత్రం అప్పటికే అయిపోయి ఉంటుంది.

దీన్ని పరీక్షించడానికి భానోజీరావు స్టాఫ్ క్వార్టర్స్‌లో పగటిపూట ఖాళీగా ఉండేవాళ్ళని పోగుచేశాడు. అంటే ఆడవాళ్ళని. వాళ్ళ కార్లకి తొడుగులు వేయించాడు. ఎవరి నంబరు ఎంతో వాళ్ళకి చెప్పలేదు.

హైమావతి కారుకి ఒకటే దారి. క్వార్టర్స్ నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి క్వార్టర్స్‌కి. అత్తగారు అప్పలనరసమ్మకి మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మోకాళ్ళు మడవలేదు గనక డ్రైవరు పక్క సీటు ఆవిడది.

తొడుగు వేసిన మొదటిరోజు మద్దిలపాలెం దగ్గర, ముందున్న బస్సుని దాటుదామా వద్దా అని హైమావతి ఊగుతుండగానే, బస్సు నెమ్మదించి ఒక పక్కకి ఒదిగింది.

"ఓలమ్మ! నువ్వు నోరిప్పనేదు, హారను కొట్టనేదు. ఆ బస్సోడికెలా తెలిసిందే?"

"మీ అబ్బాయి మహిమ అత్తయ్యా. నా చేతుల్లో ఏముందో ఊరంతా టముకు వేస్తుందట ఇది."

"నీ సేతుల్లో ఏటుందే? ఉప్పు కూడా నేదు."

డాక్టరు ఉప్పు మాన్పించినప్పటినుంచీ ఆవిడకి కోడలి వంట మీద ఉన్న కక్ష అది. వాళ్ళిద్దరి మాటలూ ఎప్పుడూ అలాగే ఉండేవి. పెళ్ళయిన కొత్తలో ఒకరినొకరు సాధించుకోవడానికి తెరిచిన నోళ్ళు, రానురాను ఆ రుచి మరిగి, అది లేకపోతే అన్నం సయించని స్థితికి వచ్చాయి. డయాలసిస్ అయ్యాక బీచ్ రోడ్డులో ఒక బండి దగ్గర ఆగి, డాక్టరు వద్దన్న మిరపకాయ బజ్జీ ఒకటి కొని ఇద్దరూ సగం సగం తినేవారు.

"నాను పోతే ఈ పాపం నీదే గుంటా."

"మీ పుణ్యంలోంచి తీసేసుకుంటానులెండి. పెద్ద సగం మీరు తీసుకున్నారుగా, దానికింత దీనికింత."

ఆ ఇంట్లో హైమావతితో నవ్వే మనిషి ఆవిడ ఒక్కర్తే.

కొన్ని రోజులు భానోజీరావు కూడా వచ్చేవాడు, యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి. వెనక సీట్లో ఎడంపక్కన కూర్చునేవాడు, ఛార్జరు గుచ్చుకోవడానికి అక్కడే వీలు. ఒళ్ళో ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే, "బ్రేకు అలా కాదు", "అమ్మకి కుదుపులు తగుల్తున్నాయి", "ఇన్నేళ్ళయినా నీకు మలుపు తిప్పడం రాదేమిటి", "అటు చూడు, ఇటు చూడు" అంటూ, కారు నడపడం రానివాడు చెప్పగలిగినవన్నీ ఇంటినుంచి ఆస్పత్రిదాకా చెప్పేవాడు. హైమావతి "ఊఁ" అనేది. ఆమె నోటికి ఉన్న సరదా అంతా ఆ రోజుల్లో మూటకట్టి డిక్కీలో పెట్టినట్టుండేది.

వ్యాసం అచ్చయింది. రెండోవాడు ఆఖరి నిమిషంలో ఇంకో కొర్రీ వేశాడట, పి-త్రీకి డ్రైవరుతో చుట్టరికం ఏమిటో కూడా రాయమని. అది హైమావతి దిద్దిన తర్వాత జరిగిన సంగతి. భానోజీరావు రాసి పంపేశాడు.

కాలేజీ సెమినార్ హాలులో సన్మానం పెట్టారు. కొడుక్కి శాలువా కప్పుతుంటే చూడాలని, డయాలసిస్ మర్నాటి నీరసం కూడా లెక్కచెయ్యకుండా అప్పలనరసమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. పక్కన హైమావతి. వెనక వరసల్లో క్వార్టర్స్ ఆడవాళ్ళు, అంటే మిగతా డ్రైవర్లంతా.

భానోజీరావు తెర మీద ఒక బొమ్మ వేశాడు. గుండెకి తీసే గీతలాగా ఎగుడుదిగుడుగా ఉంది. పైకి లేచిన ప్రతి మొనా ఒక ఉద్దేశమని, ఆ ఉద్దేశం ఎడమవైపు ఆగి ఉన్న బరువు బండిని గుద్దడమని వివరించాడు. బొమ్మ కింద ఇంగ్లీషులో అక్షరాలు వచ్చాయి. 'ఏడో నంబరు డ్రైవరు: గృహిణి. ప్రయాణికురాలు పి-త్రీ: డ్రైవరు అత్తగారు. ప్రయాణ కారణం: డయాలసిస్.'

ఆ హాల్లో అత్తగార్లున్న డ్రైవర్లు చాలామందే ఉన్నారు. డయాలసిస్ అత్తగారు ఒక్కరికే ఉంది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ముఖ్య అతిథి మైకు దగ్గరికి లాక్కుని, "ఇది కనిపెట్టడానికి వైర్‌లెస్ దేనికి ప్రొఫెసర్‌గారూ? ఏ ఇంటి తలుపు తట్టినా చెప్పేవారు కదా!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. భానోజీరావు కూడా నవ్వాడు, శాలువా జారిపోకుండా పట్టుకుని.

అప్పలనరసమ్మకి ఇంగ్లీషు రాదు. "ఏటంతన్నారే? ఎందుకలా నవ్వుతన్నారు?" అని కోడలి మోచెయ్యి గోకింది.

వెనక కూర్చున్న రిజిస్ట్రారు భార్య ముందుకి వంగి, ఎంతో ఓపిగ్గా, మంచి తెలుగులో, ఒక్క ముక్క పోకుండా చెప్పింది.

ఇంటికి వచ్చాక హైమావతి అడిగింది. "నేను దిద్దుతున్నప్పుడే మీకు తెలుసు కదూ?"

"తెలిస్తే? డేటా డేటాయే." భానోజీరావు శాలువా మడత పెడుతున్నాడు. "నీ మీద నాకేం కోపం లేదు హైమా. నేను సైంటిస్టుగా చూస్తాను. ప్రతిసారీ ఆపుకున్నావు. అది కూడా రాశాను కదా, 'విత్‌డ్రాన్' అని. అది నీకు ప్లస్సే."

"అత్తయ్య ముందు వేసి చూపిస్తారా?"

"అమ్మకి ఇంగ్లీషు రాదుగా," అన్నాడు, అందులో దోషం ఎక్కడుందో నిజంగానే అర్థంకాక.

అప్పలనరసమ్మ గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. హైమావతి మంచం పక్కన కూర్చుంది. ఆవిడ గోడతోనే మాట్లాడింది.

"ఏ ముక్కకే? నానేటన్నానని? బజ్జీలో పెద్ద సగం తీసుకుంటన్నాననా?"

నవ్వు రావలసిన మాట. ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. 'నేను అనుకోలేదు అత్తయ్యా' అని చెప్పడానికి కూడా హైమావతికి వీల్లేకపోయింది. మనసు అనుకోకముందే చేతులు అనుకుంటాయని కదా ఆ యంత్రం చెప్పేది! మనసు తరఫున ప్రమాణం చెయ్యొచ్చు. చేతుల తరఫున ఎవరు చేస్తారు? ఆ రోజునుంచీ అత్తగారు వంటింట్లోకి వస్తే, హైమావతి తరుగుతున్న కత్తిపీట వాల్చి, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడేది. వాటి మీద ఆమెకే నమ్మకం పోయింది.

అయినా అప్పలనరసమ్మ కారెక్కడం మానలేదు. పై హ్యాండిల్ని రెండు చేతులతో పట్టుకుని, ఎడంపక్క లారీ కనబడినప్పుడల్లా కళ్ళు మూసుకునేది. బజ్జీ బండి దగ్గర కారు ఆగడం మానేసింది.

కొన్నాళ్ళకి కార్ల కంపెనీల వాళ్ళు వచ్చారు. జర్నల్ చదివారట, ఏడో నంబరు డ్రైవర్ని కళ్ళారా చూడాలట. కాలేజీ వెనక పరీక్షల కోసం వేసిన రోడ్డు మీద, ఎడంపక్కన మూడు పాత లారీలు నిలబెట్టించాడు భానోజీరావు. తల్లిని బతిమాలాడు. "ఒక్కసారమ్మా. వాళ్ళకి నచ్చితే దేశంలో ప్రతి కారులోనూ మన యంత్రమే."

"నన్ను కూకోబెట్టి, ఇది నన్ను సంపుదావనుకుంటదో నేదో సూస్తారా?"

"లైవ్‌లో చూస్తారు," అన్నాడాయన. తల్లి కోపాన్ని ఆయన కుతూహలం అనుకున్నాడు.

కొడుకు కోసం ఆవిడ కూర్చుంది. భానోజీరావు అద్దాల గదిలో అతిథులతో నిలబడ్డాడు. హైమావతి లారీల పక్కనుంచి కారు పోనిచ్చింది. గీత చాపలా చదునుగా వచ్చింది. మళ్ళీ పోనిచ్చింది. చదునే. అతిథులు ముఖముఖాలు చూసుకున్నారు. పెళ్ళిచూపుల్లో పాట పాడమంటే పిల్ల నోరు విప్పనట్టయింది భానోజీరావు పని.

"ఏదో వైరు వదులైంది," అంటూ పరుగెత్తుకొచ్చి వెనక సీట్లో, తన మామూలు చోట, ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాడు. "నువ్వు కావాలని బిగబట్టుకుంటున్నావా? మామూలుగా నడుపు. అలా కాదు. చక్రం అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటావు? చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాలా నీకు?"

మొదటి లారీ దగ్గరికి రాగానే గీత నిట్టనిలువునా లేచింది. రెండో లారీ దగ్గర ఇంకా పైకి లేచింది. అద్దాల గదిలోంచి చప్పట్లు వినిపించాయి. "వచ్చేసింది! వైరే!" అని భానోజీరావు కూడా వెనక సీట్లో చప్పట్లు కొట్టాడు. అప్పలనరసమ్మ హ్యాండిలు పట్టుకున్న చేతుల్లో మొహం దాచుకుంది.

హైమావతి కారు ఆపి, చేతులు చక్రం మీదే ఉంచి, అద్దంలో వెనక సీటుకేసి చూస్తూ ఉండిపోయింది.

భోజనాల దగ్గర అడిగింది. "ఏవండీ, కారులో ఎవరెవరున్నారో యంత్రానికి ఎలా తెలుస్తుంది?"

"పక్క సీట్లో సెన్సరుంది. అమ్మ కూర్చుంటే పి-త్రీ."

"మరి వెనక సీట్లో మీరో?"

"నేనా?" ముద్ద మధ్యలో ఆపి జాలిగా చూశాడు. "నేను ప్రయాణికుణ్ణి ఎలా అవుతాను? పరిశోధకుణ్ణి. పరిశోధకుణ్ణి ఎవరూ లెక్కలో వెయ్యరు. అది పద్ధతి."

"అయితే మీరు కారులో లేనట్టే."

"లేనట్టే. ఆ పెరుగు ఇటు జరుపు."

పెరుగు జరిపి, హైమావతి స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కడుపు పట్టుకుని నవ్వింది. అత్తయ్య కాదు! ఎన్ని నెలలుగా తన చేతుల్ని తనే దొంగల్లా కాపలా కాసింది! భర్త కారులో లేని రోజుల్లో ఆ చేతులు ఎంచక్కా బజ్జీలు తుంచుకున్నాయి తప్ప ఏ పాపమూ ఎరగవు. నవ్వు అయిపోయాక ఆ ఉద్దేశం మరి ఎవరి మీదో కూడా ఆలోచించింది. పెద్దగా ఆశ్చర్యం వెయ్యలేదు. భయం వేసింది అందుకే.

ఆ సంగతి ఎలా చెప్పాలా అని ఆమె సందేహిస్తూ ఉండగానే కార్ల కంపెనీలు యంత్రం కొనేసి, ప్రమాదకరమైన డ్రైవరు-ప్రయాణికుల జంటల పేర్లు కార్లకి రాసిపెట్టేశాయి. ఒక పొద్దున్న అత్తగారిని ఎక్కించుకుని బటన్ నొక్కితే కారు కదల్లేదు. ఆకాశవాణి వార్తల్లా ఒక తియ్యని గొంతు పలికింది.

"ఈ ప్రయాణికురాలి క్షేమం దృష్ట్యా ఈ చోదకురాలికి అనుమతి లేదు. దయచేసి ఇద్దరిలో ఒకరు దిగండి."

హైమావతి మళ్ళీ నొక్కింది. "దయచేసి ఇద్దరిలో ఒకరు దిగండి."

"నానే దిగుతాను," అంది అప్పలనరసమ్మ. సూదుల పోట్లకి ఉబ్బిపోయిన చేత్తో తలుపు పట్టుకుని, ఒక్కో మోకాలూ బయటపెట్టి దిగింది. తలుపు పడగానే కారు హాయిగా స్టార్టయింది.

భానోజీరావు డ్రైవర్ని పెడతానన్నాడు. పెడతానంటూనే వియన్నా సదస్సుకి వ్యాసం రాయడంలో మునిగిపోయాడు. అత్తాకోడళ్ళు ఆటోలో వెళ్ళేవారు. ఆటోకి ఆ తొడుగు లేదు. రోడ్డు మీద కార్లన్నీ తమలో తాము మాట్లాడుకుని, మర్యాదలు చేసుకుని, ఒకదానికొకటి దారులు ఇచ్చుకుంటుంటే, ఆ కబుర్లు వినబడని ఆటో పెళ్ళిలో పిలవని చుట్టంలా ప్రతి కూడలిలోనూ నిలబడిపోయేది. కుదుపులకి తట్టుకోలేక అప్పలనరసమ్మ ఒకరోజు కోడలి భుజం మీద తల వాల్చింది. ఏమీ అనలేదు. తల మాత్రం తియ్యలేదు. ఇవాళ చెప్పేస్తాననుకుంది హైమావతి.

డయాలసిస్ గదిలో, గొట్టాల్లో రక్తం బయటికి వెళ్ళి లోపలికి వస్తుండగా చెప్పింది. "అత్తయ్యా, అది మీరు కాదు. మీ అబ్బాయి వెనక కూర్చున్న రోజుల్లోనే వచ్చింది. మనిద్దరమే ఉన్నప్పుడు ఎప్పుడూ రాలేదు. మొన్న లారీల దగ్గర చూశారుగా!"

ఆవిడ కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. "ఆణ్ణా?"

హైమావతి తల వంచుకుంది.

"ముందు సీట్లో నానున్నాను కదే. ఆడి కోసం నన్ను కూడా గుద్దేద్దువా?"

హైమావతి రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"ఈ మాట ఆడితో అన్నావేటి?"

"లేదు. అంటాను అత్తయ్యా. వ్యాసంలో తప్పుందని జర్నల్‌కి రాస్తే, మన కారు మళ్ళీ కదులుతుంది. మిమ్మల్ని నేనే తీసుకొస్తాను, ఎప్పట్లాగే..."

"అనకు." ఆ గొంతు హైమావతి ఎప్పుడూ విన్నది కాదు. "ఆ కాయితం తప్పని తెలిస్తే ఆడు సచ్చిపోతాడు. పెళ్ళాం మనసు తెలిస్తే మళ్ళీ సచ్చిపోతాడు. అత్తని కోడలు సంపుదావనుకుందంటే లోకం నవ్వి ఊరుకుంటాది. అలాగే ఉండనీ. నన్నే అనుకో."

"అత్తయ్యా..."

"నన్ను సంపుదావనుకున్నావని తెలిసి కూడా నీ పక్కన కూకున్నాను. ముసిల్దాన్ని, ఎలాగా పోయేదాన్ని, నా వల్ల దీనికి ఎన్నాళ్ళీ సాకిరీ అని నిన్ను సమించీసినాను. లోపల్లోపల సమించీసి, నీ బుజం మీద తలెట్టినాను." ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఇది సమించనేను. ఆణ్ణి నాను కన్నాను. ఒట్టెయ్యి, ఎవుళ్ళతోనూ అననని."

హైమావతి ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. గొట్టాలున్న చెయ్యి గనక ఆవిడ లాక్కోలేకపోయింది. ఒట్టు వేసేదాకా ఊరుకుని, "ఇంక ఒగ్గీ," అంది. "ఇకమీదట నాతో రాకు."

అప్పటినుంచీ ఆవిడ ఒంటరిగా ఆటో ఎక్కేది. హైమావతి ఇంకో ఆటోలో వెనకాల వెళ్ళి, ఆస్పత్రి గేటు అవతల నిలబడేది. వానలు పట్టాక ఆటోలు రావడం తగ్గింది. వచ్చినరోజున ఆవిడే "ఈవేళ ఒంట్లో బాగానే ఉంది" అని తలుపు వేసుకునేది. హైమావతి తలుపు బయట నిలబడి బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది కూడా. పాతరోజుల్లా ఒక్క తిట్టయినా తిరిగి వస్తుందేమోనని చూసింది. రాలేదు. వియన్నాలో ఉన్న భానోజీరావుకి ఫోను చేస్తే, తన ఉపన్యాసం గంటలో ఉందని, అమ్మకి అలకలు మామూలేనని, వచ్చాక చూసుకుంటానని చెప్పాడు.

ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. పక్కింటివాళ్ళ చేత తలుపు గడియ విరగ్గొట్టించి, అంబులెన్సులో తీసుకెళ్తుంటే దారి పొడుగునా కార్లన్నీ ఎంతో బుద్ధిగా తప్పుకున్నాయి. ఆస్పత్రికి చాలా త్వరగానే చేరారు. అప్పలనరసమ్మ ఇంకా త్వరగా వెళ్ళిపోయింది.

తల కొరివి పెట్టడానికి భానోజీరావు విమానంలో వచ్చాడు. నిజంగానే ఏడ్చాడు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఆయన భుజం తట్టి, హైమావతి ముందు నుంచి మాత్రం కొంచెం ఎడంగా నడిచారు. రిజిస్ట్రారు భార్య కాఫీ వద్దంది. "మీ చేత్తో ఎందుకులెండి శ్రమ," అంది.

అస్థికలు తెచ్చిన రోజున హైమావతి ఫోనుకి ఒక సందేశం వచ్చింది. 'మీ జంట రద్దయినది. ప్రమాద కారణం తొలగినది. మీ చోదన అనుమతి పునరుద్ధరింపబడినది. శుభ ప్రయాణం.'

భానోజీరావు తడి కళ్ళతోనే దాన్ని చదివాడు. "మరణం నమోదైన రోజే! ఎంత వేగంగా పనిచేస్తోందో చూశావా మన సిస్టమ్?" కళ్ళు తుడుచుకున్నాడు. "పద, మనం కారులోనే వెళ్ళొచ్చు."

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కలపమని అప్పలనరసమ్మ ఎప్పుడో చెప్పింది. ఆవిడ పుట్టిన ఊరు అది. భానోజీరావు ఎర్రగుడ్డ కట్టిన కుండని పక్క సీట్లో పెట్టి తను వెనక కూర్చోబోయాడు. సీటు బెల్టు పెట్టమని కారు కుండని సతాయించింది. దొర్లిపోతుందేమోనని కూడా ఆయనకి భయం వేసింది. కుండని ఒళ్ళోకి తీసుకుని, ఆ కారు కొన్నాక మొట్టమొదటిసారి, ముందు సీట్లో భార్య పక్కన కూర్చున్నాడు. బెల్టు గురించి ఒకసారి గొణిగి, కారు ఇంకే అభ్యంతరమూ చెప్పలేదు. ఈ జంట గురించి దానికి ఎవరూ ఏమీ రాసిపెట్టలేదు.

రుషికొండ దాటాక మొదలుపెట్టాడు. "మెల్లిగా. ఒళ్ళో అమ్మ ఉందని గుర్తుందా? బ్రేకు అలా కాదు. నిన్ను అనకూడదు గానీ హైమా, నువ్వు కొంచెం ప్రేమగా ఉండి ఉంటే అమ్మ డయాలసిస్ మానేది కాదు. సరే, జరిగింది జరిగింది. నేను దాన్ని మనసులో పెట్టుకోను. వచ్చే వ్యాసంలో కూడా నీ పేరు బయటపెట్టను."

ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. ముందు వెళ్తున్న వ్యాను ఉన్నట్టుండి కుడివైపుకి ఒదిగింది. దాని ముందు కారూ ఒదిగింది. ఎదురుగా వస్తున్న బస్సు దూరంగానే ఆగిపోయింది. ఎడంపక్క రోడ్డు వారన నిలబెట్టి ఉన్న చేపల లారీ, లోపల డ్రైవరు కూడా లేనిది, దీపాలు వెలిగించుకుని దానంతటదే మెల్లగా ముందుకి జరగడం మొదలుపెట్టింది.

భానోజీరావు కళ్ళల్లో మళ్ళీ నీళ్ళు తిరిగాయి. "చూడు హైమా, చూడు! ఎవరూ చెప్పకుండానే అందరూ ఎలా దారి ఇస్తున్నారో! అమ్మకి ఎంత మర్యాద చేస్తున్నారో!"

హైమావతి తన చేతులకేసి చూసుకుంది. చపాతీ పిండి మీద ఆనించినట్టు ఎంతో నెమ్మదిగా, చక్రం మీద ఆని ఉన్నాయి.

"బెల్టు పెట్టుకున్నారా?"

"ఎలా పెట్టుకోను? చేతుల్లో అమ్మ ఉందిగా."

"అయితే గట్టిగా పట్టుకోండి," అంది హైమావతి.